స్కూల్‌క్రాఫ్ట్ బయోకర్టెన్: కార్బన్ టెట్రాక్లోరైడ్‌కు అడ్డంగా నిలబెట్టిన బ్యాక్టీరియా

భూగర్భజలంలో చేరిన విష రసాయనాన్ని బ్యాక్టీరియాతో విరగ్గొట్టించవచ్చా అని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది స్కూల్‌క్రాఫ్ట్ కేసు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, కాలమజూ కౌంటీలోని చిన్న ఊరు అది. పని చేసింది నేను కాదు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన మైకేల్ డైబాస్, డేవిడ్ హిండ్‌మన్, క్రెయిగ్ క్రిడిల్, వాళ్ళ సహచరులు 1990లలో మొదలుపెట్టి, బాగున్నవీ బాగాలేనివీ ఫలితాలన్నీ ప్రచురించారు. ఇలాంటి చోట్ల ఇంజెక్షన్ బావులు, అంటే నేలలోకి మందు దించే బావులు, డిజైన్ చేయడం నా వృత్తి. ఆ కళ్ళతో చదివితే ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. పేరంతా బ్యాక్టీరియాకి వచ్చింది కానీ, కేసును ఒడ్డున పడేసింది ఎక్కువగా బావుల అమరిక, బ్యాక్టీరియాకి పెట్టే మేత లెక్క.

కలుషితం ఎలా చేరింది

ఒకప్పుడు అమెరికాలో ధాన్యం గిడ్డంగుల్లో పురుగు పట్టకుండా ద్రవరూపంలో ఉండే ఫ్యూమిగెంట్లు, అంటే ఆవిరై పురుగును చంపే మందులు, పోసేవారు. కార్బన్ డైసల్ఫైడ్ పురుగును బాగా చంపుతుంది కానీ నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. అందుకని మంటను అణిచే కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను 80 పాళ్ళు, డైసల్ఫైడ్‌ను 20 పాళ్ళు కలిపి అమ్మేవారు. 1980ల మధ్యలో ఈ వాడకం ఆగిపోయింది. అప్పటికే నేలలోకి ఇంకినది మాత్రం ఎక్కడికీ పోలేదు. స్కూల్‌క్రాఫ్ట్‌లో అది నీటిమట్టాన్ని చేరి, నీటి వాలు వెంట పాయగా సాగింది. రికార్డుల్లో దాని పేరు ప్లూమ్ ఏ.

కార్బన్ టెట్రాక్లోరైడ్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్ కారకం అన్న అనుమానం ఉన్న పదార్థం. అమెరికాలో తాగునీటికి దాని పరిమితి 5 పీపీబీ, అంటే లీటరు నీటిలో 5 మైక్రోగ్రాములు. ఇది నీటి కంటే సుమారు 1.6 రెట్లు బరువు. లెక్క వేస్తే ఒక్క లీటరు రసాయనం 30 కోట్ల లీటర్లకు పైగా నీటిని ఆ పరిమితికి చేర్చగలదు. ఒక డ్రమ్ము ఒలికినా ఊరి నీళ్ళు పాడైపోవడం ఎందుకో ఈ ఒక్క అంకె చెబుతుంది.

ఆ నీటిలో రెండో కలుషితం కూడా ఉంది, నైట్రేట్. చుట్టూ వ్యవసాయ భూములున్న చోట ఇది మామూలే, మన ఊళ్ళ బోర్లలోనూ చూస్తున్నదే. కార్బన్ టెట్రాక్లోరైడ్ మీదే దృష్టి పెట్టి పనిచేసే ఇంజనీరుకి నైట్రేట్ ఒక అడ్డంకిగా కనిపిస్తుంది. స్కూల్‌క్రాఫ్ట్ బృందం దాన్నే పనిముట్టుగా మార్చుకుంది.

నేల విషయానికొస్తే, హిమానీనదాలు వదిలిపెట్టిన ఇసుక, కంకర పొరలు. నీరు తేలిగ్గా పారుతుంది. కదిలే వేగం రోజుకు సుమారు 15 సెంటీమీటర్లు, అంటే వారానికి దాదాపు మీటరు. ఈ అంకెతో మళ్ళీ పని పడుతుంది. పొరలన్నీ ఒకేలా లేవు. లోతుకు వెళ్ళేకొద్దీ నీరు ఇంకా సులువుగా పారే పొరలున్నాయి. పై పొరలో నింపిన మందు కింది పొరకు సరిపోతుందనుకుంటే దెబ్బతింటాం.

అక్కడే ఉన్న బ్యాక్టీరియా ఎందుకు చాలలేదు

ఇంధనం ఒలికిన చోట మన పని తేలిక. పెట్రోలు, డీజిల్ బ్యాక్టీరియాకి తిండే. ఆక్సిజన్ అందిస్తే నేలలో ఉన్నవే తినేస్తాయి. కార్బన్ టెట్రాక్లోరైడ్ అలా కాదు. నాలుగు వైపులా క్లోరిన్ తగిలించుకున్న ఆ కార్బన్‌లో మండడానికి ఏమీ మిగల్లేదు. గాలి ఎంత పంపినా ఏ జీవీ దాన్ని తిని బతకలేదు.

ఆక్సిజన్ లేని చోట సంగతి వేరు. అక్కడి బ్యాక్టీరియా చాలా రకాలు ఒక క్లోరిన్‌ను ఊడగొట్టి, దాని చోట హైడ్రోజన్ పెడతాయి. అప్పుడు వచ్చేది క్లోరోఫామ్. ఒక విషాన్ని ఇంకో విషంగా మార్చి, అసలు రసాయనం 90 శాతం తగ్గిందని రిపోర్టు రాయడానికి ఇది బాగా పనికొస్తుంది. ఊళ్ళో నీళ్ళు తాగేవాళ్ళకి పనికిరాదు. ఇలాంటి రిపోర్టు ఏది చేతికొచ్చినా నేను ముందు వెతికేది తగ్గిన రసాయనం అంకె కాదు, దాని నుంచి పుట్టిన వాటి అంకె.

క్లోరోఫామ్ దారి పట్టని బ్యాక్టీరియా ఒకటి అప్పటికే దొరికి ఉంది. కాలిఫోర్నియాలోని సీల్ బీచ్ దగ్గర భూగర్భం నుంచి వేరుచేసిన దీన్ని క్రిడిల్ బృందం 1990లో ప్రచురించింది. పేరు సూడోమోనాస్ స్టట్జెరి కేసీ. ఇది ఆక్సిజన్ లేనప్పుడు నైట్రేట్‌తో శ్వాసిస్తుంది. అదే సమయంలో కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్‌గా, నీటిలో కరిగి ఉండిపోయే మరికొన్ని పదార్థాలుగా మారుస్తుంది. క్లోరోఫామ్ దాదాపు రాదు.

దీని పనితనంలో ఒక మెలిక ఉంది. విషాన్ని విరగ్గొట్టే పని కణం లోపల జరగదు. కేసీ ఒక చిన్న అణువును బయటికి వదులుతుంది, అది రాగితో జట్టుకట్టి క్లోరిన్ బంధాలను తెంచుతుంది. ఆ అణువు పిరిడిన్-2,6-బిస్ థయోకార్బాక్సిలిక్ ఆమ్లం అని 1999లో బయటపడింది. పొడిగా పీడీటీసీ అంటారు. అప్పటికి స్కూల్‌క్రాఫ్ట్‌లో బావులు నడుస్తూనే ఉన్నాయి. అణువు పేరు తెలియకపోయినా అది ఎప్పుడు పుడుతుందో, ఎప్పుడు పుట్టదో ల్యాబ్‌లో తేల్చేశారు కాబట్టి పని ఆగలేదు.

ఎప్పుడు పుడుతుంది? ఇనుము కరువైనప్పుడు. నీటిలో ఇనుము పుష్కలంగా ఉంటే కేసీ హాయిగా పెరుగుతుంది, నైట్రేట్‌ను తింటుంది, కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను ముట్టుకోదు. లెక్కపెడితే బ్యాక్టీరియా కోట్లలో ఉంటుంది, పని మాత్రం సున్నా. అందువల్ల దాన్ని నేలలోకి పంపితే చాలదు, ఆకలితో ఉంచాలి, అది కూడా ఇనుము ఒక్కదానికే. దీనికి దొరికిన ఉపాయం చవకైనది. నీటి పీహెచ్‌ను 8.2 దగ్గరికి పెంచితే కరిగి ఉన్న ఇనుము చాలావరకు అవక్షేపమై పక్కకు పోతుంది. కాస్టిక్ సోడా చాలు. ఆ క్షారగుణం కేసీకి ఇంకో రకంగా కూడా కలిసొచ్చింది. ఆ పరిస్థితుల్లో అది స్థానిక బ్యాక్టీరియాతో పోటీపడి నిలబడగలదు. బయటి నుంచి తెచ్చి వదిలిన సూక్ష్మజీవుల్లో చాలా భాగం కొత్త నేలలో కొన్ని వారాలకే కనిపించకుండా పోతాయి. ఈ రంగంలో ఎక్కువ డబ్బు పోయేది అక్కడే.

పైలట్ చెప్పినది

నేరుగా పెద్ద పనిలోకి దూకకుండా అదే పాయలో ముందు చిన్న ప్రయోగం చేశారు. కేసీని ఎక్కించి, వారానికోసారి మేత ఇచ్చి చూశారు. కార్బన్ టెట్రాక్లోరైడ్ సుమారు మూడింట రెండొంతులు తగ్గింది.

ఇది తీసిపారేయాల్సిన ఫలితం కాదు, ఒప్పుకోదగిన ఫలితమూ కాదు. 5 పీపీబీ కిందికి దిగాలంటే ఇంకా ఎంతో ఉంది. ల్యాబ్‌లో అదే నేల, అదే నీళ్ళు, అదే బ్యాక్టీరియా బాగా పనిచేశాయి. మరి ఇక్కడ తేడా ఎక్కడ? బ్యాక్టీరియాలో లోపం లేదని తెలిశాక మిగిలేది ఒకటే: మేత అందిన చోట పని జరిగింది, అందని సందుల్లోంచి నీరు కలుషితంతోనే జారిపోయింది. ఇలాంటి పైలట్ తర్వాత చాలా ప్రాజెక్టుల్లో బ్యాక్టీరియా డోసు రెట్టింపు చేస్తారు. స్కూల్‌క్రాఫ్ట్ బృందం బావుల డిజైన్‌ను మొదటి నుంచి మళ్ళీ వేసింది. ఈ కేసులో నాకు అన్నిటికంటే నచ్చే నిర్ణయం ఇదే.

బావుల వరస

బయోకర్టెన్ అంటే భూమి లోపల నిలబెట్టిన జీవమున్న తెర. పాయ ముందుకు సాగుతున్న అంచుకు దగ్గర్లో, నీరు పారే దిశకు అడ్డంగా, 15 బావులు ఒకే వరసలో తవ్వారు. బావికీ బావికీ మధ్య దూరం ఒక మీటరు. ఈ అంకె చూసి మొదటిసారి ఎవరికైనా ఖర్చు గుర్తొస్తుంది. ఇంత దగ్గర దగ్గరగా ఎవరు తవ్వుతారు? కానీ దగ్గరగా ఉండటమే ఈ డిజైన్‌కి ప్రాణం.

నడిపే పద్ధతి ఇలా ఉంటుంది. వారానికోసారి కొన్ని గంటలపాటు, ఒకటి విడిచి ఒకటిగా కొన్ని బావుల నుంచి నీరు తోడతారు. ఆ నీటిలోనే పైన ఎసిటేట్ (బ్యాక్టీరియాకి మేత ఇదే), క్షారం, కొద్దిగా ఫాస్ఫరస్ కలిపి పక్క బావుల్లోకి దించుతారు. తర్వాత దిశ తిప్పేస్తారు. తోడిన బావిలోకి దించుతారు, దించిన బావి నుంచి తోడతారు. బావులు దగ్గరగా ఉండటం వల్ల ఒక బావిలో దిగిన మందు పక్క బావి దాకా నిజంగా చేరుతుంది. మధ్యలో మందు తగలని సందు మిగలదు. మిగతా రోజులంతా పంపులు ఆగే ఉంటాయి. సహజంగా పారే నీరు తనంతట తాను తెరలోంచి నడిచి వెళుతుంది, బ్యాక్టీరియా తన పని చేస్తుంటుంది. నీరు వారానికి సుమారు మీటరు కదులుతుంది కాబట్టి ముందువారం మందు తడిసిన మేర దాటిపోయేలోపు కొత్త మేత వస్తుంది. చివరి పొలాల దాకా నీళ్ళు అందేలా వంతులు వేసుకున్నట్టే ఇది.

తోడిన నీటిని పైన ఎక్కడా శుద్ధి చేయనక్కర్లేదు, బయట పారబోయనక్కర్లేదు. నీటిని తోడి పైన శుద్ధి చేసే మామూలు పంప్ అండ్ ట్రీట్ పద్ధతిలో పంపులు రాత్రీ పగలూ, ఏళ్ళ తరబడి తిరగాలి. కరెంటు బిల్లు కంటే పెద్ద చిక్కు ఏమిటంటే, మట్టి రేణువులకు అంటుకున్న రసాయనం నీటిలోకి మెల్లగా వదులుతూనే ఉంటుంది. పంపు ఆపగానే అంకె మళ్ళీ పైకి లేస్తుంది.

ఆగి ఆగి మేత పెట్టడంలో ఇంకో లాభం ఉంది. నిరంతరం ఎసిటేట్ పోస్తే, బావి గొట్టంలో నీరు వచ్చిపోయే జల్లెడ పక్కనే బ్యాక్టీరియా దట్టంగా పెరిగి జిగురుగా అడ్డుపడుతుంది. నైట్రేట్ విరిగి వచ్చే నత్రజని వాయువు బుడగలు కూడా ఇసుక సందుల్ని మూసేస్తాయి. నేను చూసిన ఇంజెక్షన్ వ్యవస్థల్లో ఎక్కువ మొరాయించేది ఇక్కడే. ప్రెషర్ పెరుగుతుంది, ఫ్లో పడిపోతుంది, సైట్ మీద అందరికీ టెన్షన్. కొన్ని గంటలు మేత, చాలా రోజులు విరామం అన్న పద్ధతిలో మందు జల్లెడ దగ్గర ఆగకుండా దూరం పోతుంది. మధ్యలో ఆకలి రోజులు ఉంటాయి కాబట్టి దట్టమైన పెరుగుదలా తగ్గుతుంది.

బ్యాక్టీరియా ఎక్కించకముందే బ్రోమైడ్ వంటి ట్రేసర్‌తో, అంటే నీటితో పాటే కదిలే గుర్తు పదార్థంతో, నీరు ఎటు, ఏ పొరలో, ఎంత వేగంగా పోతోందో చూసుకున్నారు. ఆ కొలతల మీదే కంప్యూటర్ మోడల్ కట్టి బావుల దూరం, పంపింగ్ గంటలు తేల్చారు. ఎం.ఎస్. ఫణికుమార్, హిండ్‌మన్ తదితరులు తర్వాత దాన్ని త్రీడీ మోడల్‌గా పెంచి, బ్యాక్టీరియా ఎంత కదిలింది, మట్టికి ఎంత అంటుకుంది అన్నది కూడా అందులో చేర్చారు. కేసీకి ఈదే శక్తి ఉంది. నైట్రేట్ ఎక్కువున్న వైపు జరుగుతుంది. ల్యాబ్‌లో మట్టి నింపిన గొట్టాల్లో పరీక్షించినప్పుడు, ఈదలేని రకం కంటే ఈదగలిగే రకం బాగా పనిచేసింది. బావికీ బావికీ మధ్య పంపు చేరవేయలేని చివరి కొంత దూరానికి ఈ గుణం సాయపడుతుంది. దాన్నే నమ్ముకుని బావులు దూరం దూరం పెట్టమని మాత్రం నేను సలహా ఇవ్వను.

ఫలితాలు

కేసీని సైట్‌లోనే పెంచి బావుల్లోకి ఎక్కించారు. ఇక్కడ ఒక చిన్న ప్రయోగం కలిపారు. తెరలో సగం భాగానికి ఒక్కసారే బ్యాక్టీరియా, మిగతా సగానికి రెండుసార్లు. కాలం గడిచాక చూస్తే రెండు సగాల మధ్య తేడా దాదాపు లేదు. రెండింటిలోనూ కార్బన్ టెట్రాక్లోరైడ్ తొలగింపు మధ్యస్థ విలువ 98 నుంచి 99.9 శాతం. మట్టిలో కేసీ రెండు చోట్లా గ్రాముకు లక్షకు పైగా నిలబడింది. 2002లో ఫలితాలు ప్రచురించేనాటికి 98 శాతం తొలగింపు నాలుగేళ్ళుగా కొనసాగుతోంది.

మళ్ళీ మళ్ళీ బ్యాక్టీరియా కొనిపించే అమ్మకందారులు ఈ ఫలితాన్ని ఎందుకో పెద్దగా గుర్తు చేయరు. పరిస్థితులు సరిగ్గా ఉన్న చోట ఒక్కసారి చాలింది. అవి సరిగ్గా లేకపోతే రెండోసారి ఎక్కించినా అదే గతి పడుతుంది.

నైట్రేట్ సంగతి: తెర లోపల పూర్తిగా పోయింది. అమెరికాలో తాగునీటికి నైట్రేట్ పరిమితి నత్రజనిగా లీటరుకు 10 మిల్లీగ్రాములు. నైట్రేట్‌గా లెక్కేస్తే అది దాదాపు 45, మన భారత ప్రమాణంలో ఉన్న అంకె కూడా ఇదే. ఒక కలుషితం కోసం కట్టిన తెర రెండోదాన్నీ తీసేసింది.

క్లోరోఫామ్ కనిపించినప్పుడు

అంతా సాఫీగా సాగలేదు. నడుస్తుండగా కొంతకాలం క్లోరోఫామ్ కనిపించింది, 20 పీపీబీ లోపు. హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా వచ్చింది, 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) లోపు. క్లోరోఫామ్‌కి అమెరికాలో తాగునీటి పరిమితి అదే కుటుంబానికి చెందిన ఇతర రసాయనాలతో (ట్రైహాలోమీథేన్‌లతో) కలిపి 80 పీపీబీ కాబట్టి అంకె ప్రమాదకరం కాదు. కానీ క్లోరోఫామ్ రాని బ్యాక్టీరియా అని తెచ్చిన చోట క్లోరోఫామ్ రావడం అంటే పని చేస్తున్నది కేసీ ఒక్కటే కాదని అర్థం.

రెండూ ఒకేసారి రావడమే ఆచూకీ ఇచ్చింది. మేతగా ఇస్తున్న ఎసిటేట్ 100 పీపీఎం. నైట్రేట్ ఉన్నంతసేపు నైట్రేట్‌తో శ్వాసించే జీవులదే రాజ్యం. నైట్రేట్ అయిపోయాక కూడా ఎసిటేట్ మిగిలితే ఆ మిగులు మీద సల్ఫేట్‌తో బతికే జీవులు లేస్తాయి. కుళ్ళిన గుడ్డు వాసన వాటి పనే. ఆక్సిజన్, నైట్రేట్ రెండూ లేని అలాంటి స్థితిలో కార్బన్ టెట్రాక్లోరైడ్ మళ్ళీ క్లోరోఫామ్ దారే పడుతుంది. ఇదొక మేత తగ్గించాల్సిన సూచన. ఎసిటేట్‌ను 50 పీపీఎంకి తగ్గించారు. క్లోరోఫామ్ పోయింది, వాసన వాయువూ పోయింది, నైట్రేట్ తొలగింపు మాత్రం పూర్తిగానే నిలిచింది.

మేత లెక్క ముందుగా చేతితో వేసుకోవచ్చు. రసాయన సమీకరణం ప్రకారం ఒక మిల్లీగ్రాము నైట్రేట్‌ను నత్రజనిగా మార్చడానికి సుమారు 0.6 మిల్లీగ్రాముల ఎసిటేట్ కావాలి. కణాలు పెరగడానికి అయ్యే భాగం దానిపైన. నీటిలో కరిగిన ఆక్సిజన్ ఉంటే దానికీ కొంత కలపాలి. ఆ మొత్తానికి చాలా ఎక్కువ పోసి, సురక్షితం అనుకునే అలవాటు ఈ వృత్తిలో బాగా ఉంది. ట్రైక్లోరోఇథిలీన్ అనే క్లోరిన్ ద్రావకం లాంటి వాటికి ఎక్కువ మేత నిజంగానే మంచిది, అక్కడ ఆక్సిజన్, నైట్రేట్ ఏమీ మిగలని స్థితి కావాలి. స్కూల్‌క్రాఫ్ట్‌లో అదే అలవాటు ఎదురుతిరుగుతుంది. మేతను నైట్రేట్ అయిపోయే హద్దు దగ్గరే ఆపాలి. ఏ సైట్‌కి ఏ బ్యాక్టీరియా అన్నదాన్ని బట్టి మేత సూత్రం తలకిందులవుతుంది.

ఇంత బాగా పనిచేస్తే ఎందుకు వ్యాపించలేదు

ఈ ప్రశ్న నన్ను తరచూ అడుగుతారు. ట్రైక్లోరోఇథిలీన్, డ్రైక్లీనింగ్‌లో వాడే పెర్‌క్లోరోఇథిలీన్ ఉన్న సైట్లకు డీహాలోకాకాయిడ్స్ అనే బ్యాక్టీరియా ఇప్పుడు డబ్బాల్లో అమ్ముతున్నారు. కేసీకి ఆ మార్కెట్ రాలేదు.

నా ఉద్దేశంలో కారణం బతుకుతెరువులో ఉంది. డీహాలోకాకాయిడ్స్ కలుషితంతోనే శ్వాసిస్తుంది. కలుషితం ఉన్న చోట పెరుగుతుంది, అయిపోయాక తగ్గిపోతుంది. దానికి విషమే జీవనాధారం. కేసీకి కార్బన్ టెట్రాక్లోరైడ్ నుంచి ఒక్క చుక్క శక్తి కూడా రాదు. ఇనుము కోసం వదిలిన అణువు దారిలో దీన్ని కూడా విరగ్గొడుతోంది, అంతే. కలుషితం ఎంత ఉన్నా కేసీ దానివల్ల ఒక్క కణం కూడా ఎక్కువ పెరగదు. ఎసిటేట్, నైట్రేట్, పీహెచ్, ఇనుము అన్నీ మనమే ఏళ్ళ తరబడి సరిచూసుకోవాలి. వారం వారం నడిపే మనుషులు కావాలి. ఒక యూనివర్సిటీ బృందం ఆ క్రమశిక్షణ పాటించింది. తక్కువ ధర టెండర్‌కి కాంట్రాక్టు తీసుకున్నవాళ్ళు మూడో ఏట కూడా అలా చేస్తారని నేను పందెం కట్టను.

ఇంకో హద్దు కూడా ఉంది. ఇది తెర మాత్రమే. తెర దాటి వచ్చే నీరు శుభ్రంగా ఉంటుంది. వెనకాల పాయ, దాని మూలం ఉన్న చోటే ఉంటాయి. పాయ అంతా నడిచి వచ్చే వరకూ తెర నడవాలి.

మన రాళ్ళ నేలలో

పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల భూగర్భజలం గురించి మాట్లాడుకున్నప్పుడల్లా ఇలాంటి తెర అక్కడ కట్టలేమా అని అడుగుతారు. మీటరుకో బావి అన్నది ఇసుక నేలకు సరిపోయే లెక్క. గ్రానైట్‌లో నీరు పగుళ్ళ వెంట పోతుంది. రెండు బోర్లు పక్కపక్కనే ఉన్నా ఒకదానికి నీరు పడి రెండోదానికి పడకపోవడం మన రైతులందరికీ తెలిసిందే. అలాంటి చోట వరసగా బావులు తవ్వితే సగం బావులకు పాయతో సంబంధమే ఉండకపోవచ్చు. పైగా మందుల పరిశ్రమల వ్యర్థ జలాల్లో ఒకటి కాదు, ఎన్నో ద్రావకాలు, బాగా ఉప్పు కలిసి ఉంటాయి. ఒక రసాయనానికి కుదిరిన బ్యాక్టీరియా అన్నిటికీ కుదరదు.

రాతి మీద వదులుగా పేరుకున్న పై పొరలో, శిథిలమైన రాతిలో కలుషితం ఉన్న చోట మాత్రం ఈ పద్ధతిని పరిశీలించవచ్చు. అలాంటి సైట్ ఏదైనా నా దగ్గరకొస్తే బ్యాక్టీరియా పేరు ఆఖర్న అడుగుతాను. ముందు ట్రేసర్ పరీక్ష పెట్టి, ఒక బోరులో పోసినది ఏ బోరులో, ఎన్ని రోజులకి, ఎంత వచ్చిందో చూస్తాను. తర్వాత నీటిలో నైట్రేట్, సల్ఫేట్, ఇనుము, పీహెచ్, కరిగిన ఆక్సిజన్ కొలిపిస్తాను. ఈ అంకెలు లేకుండా బ్యాక్టీరియా కల్చర్ కొటేషన్ తెచ్చినవాళ్ళను వెనక్కి పంపేస్తాను.